నాలుగో పాటలో ఎడమచెయ్యి

మింగేసింది. ఇల్లంతా పీకి పందిరేసి, అటకమీది డబ్బాలన్నీ దింపి, తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడ్డాక దొరికిన సీడీ. దాన్ని ఆమె ఇలా కారు ప్లేయరు నోట్లో పెట్టిందో లేదో, అది గుటుక్కున మింగేసి, లోపల ఏదో గరగరలాడి, ఊరుకుంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తెరమీద రెండు చిన్న గీతలు మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. సెల్లారులో ఈ మూల లైటు పోయి ఎన్నాళ్ళయిందో, అపార్ట్‌మెంట్ మీటింగుల్లో ప్రతిసారీ అదే మాట, కిందికొస్తే ప్రతిసారీ అదే చీకటి. అద్దాలు దించితే దోమలు, ఎత్తితే ఉక్క. కాకపోతే ఏమిటి ఖర్మ, యాభై దాటిన మనిషి, నలుగురి పిల్లలకి పియానో నేర్పుకునే టీచరు, పట్టపగలు ఆగి ఉన్న కారులో ఒక్కతే కూర్చుని డాష్‌బోర్డుని అరచేత్తో బాదడం! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? అనుకోనీ. ఇంట్లో సీడీ పెట్టుకోవడానికి ఇంకెక్కడా దిక్కులేదు. ఉన్న ప్లేయరుని కూతురు హాస్టల్‌కి పోయేముందు పాత సామాన్లవాడికి ఇప్పించేసింది, అన్నీ ఫోన్లోనే ఉంటాయి కదమ్మా అని. ఉంటాయి, ఎందుకుండవు, అన్నీ ఉంటాయి, ఇదొక్కటి తప్ప. ఈ ఆల్బమ్ ఫోన్లో లేదు. లేదు కాబట్టే మళ్ళీ వేస్తున్నారట, వేస్తున్నారు కాబట్టే ఈ గోల.

అన్నం తింటుంటే ఫోన్ చేశాడు కెప్టెన్. కెప్టెనంటే ఏ ఓడకీ కాదు, ఏ సైన్యానికీ కాదు. ట్రంపెట్ వాయించేవాడు, బ్యాండుకి పెద్ద, ఎక్కడో నాటకాలవాళ్ళ దగ్గర కొన్న తెల్లటోపీ ఒకటి నెత్తిన పెట్టుకుని తిరిగేవాడు కాబట్టి కెప్టెన్. ఇన్నేళ్ళ తర్వాత ఫోన్ చేసి, ఎలా ఉన్నావ్, బతికున్నావా అని కూడా లేదు, నిన్ననే మాట్లాడినట్టు, "అమ్మాయ్, మన జాజ్ ఆల్బమ్ మళ్ళీ వేస్తున్నారు. అట్ట సాయంత్రం ఐదింటికి ప్రింటింగుకి పోతుంది. వెనకాల పేర్లలో మార్చాల్సిందేమైనా ఉంటే ఈలోగా చెప్పెయ్" అన్నాడు. మన ఆల్బమట! ఎవరి మన? ఏముంటాయి మార్చడానికి, చిట్టినడగండి, పియానో వాయించింది అది కదా, అంది ఆమె, ముద్ద కలుపుతూనే. "అడిగాను. మీ చెల్లి నిన్నే అడగమంది" అని పెట్టేశాడు. అంతే, ఇక అన్నం సహించలేదు. ఏం తెలుసని అడగమంది చిట్టి? వెనక ఉన్న పేర్లు తెలుసు, ఒక్కసారి చూసింది, చాలు, కళ్ళు మూసుకున్నా కనపడతాయి. నాలుగో పాట, దాని పేరు 'చీకట్లో', ఎదురుగా స్వరకల్పన అని, పక్కన చెల్లెలి పేరు. లోపల ఏముందో మాత్రం తెలీదు. ఎందుకంటే ఆమె ఆ సీడీ ఇంతవరకూ వినలేదు. ఒక్క పాట కూడా వినలేదు. చెవిన పడితే కదా మనసు పాడయ్యేది. అట్ట మీద పేరు చూస్తేనే అంత పాడయితే, పాట వింటే ఏమైపోయేదో.

వినకుండా ఎలా చెబుతుంది, ఆ పాట నాది అని? వాళ్ళు ఇంకేదో వాయించి ఉంటే? పేరు అదే ఉంచి, పాట మార్చేసి ఉంటే? అప్పుడు కెప్టెన్ నవ్వడూ, వినకుండానే వాదనకొచ్చావా అమ్మాయ్ అని? అందుకే వెతుకులాట. ఆ వెతుకులాటలో వాళ్ళాయన మీద వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు, అద్దం కనిపిస్తే తుడవకుండా ఉండలేడు, మెరిసేదేదైనా సరే. ఒక సెలవురోజు కూర్చుని ఇంట్లో సీడీలన్నీ మెత్తటి గుడ్డతో తుడిచాడు, మహానుభావుడు, తుడిచి ఏ పెట్టె దగ్గరుంటే అందులో పెట్టేశాడు. కెప్టెన్ ఆల్బమ్ పెట్టె తీస్తే లోపల ప్రింటరుతో పాటు వచ్చిన సీడీ. ప్రింటరు పెట్టె తీస్తే పిల్లల పద్యాలు. పద్యాల పెట్టెలో ఆమె పెళ్ళి వీడియో రెండో భాగం, మొదటి భాగం ఎక్కడుందో ఆ పెళ్ళి చేయించినవాళ్ళకే తెలియాలి. చివరికి ఈ జాజ్ ఎక్కడ దొరికింది? నడుం సన్నబడే వ్యాయామాల పెట్టెలో. ఆయన్ని ఫోన్లో కడిగేద్దామనుకుంది, కడిగితే మాత్రం ఏమంటాడు, శుభ్రంగా ఉన్నాయా లేవా అంటాడు. శుభ్రంగానే ఉంది, గీత కూడా లేదు, ఎవరూ వినని సీడీకి గీతలెందుకు పడతాయి. మరి ఎందుకు పాడవే నువ్వు, పాడవేం, అని ఇంకొక్కటి గట్టిగా బాదేసరికి గీతలు పోయి తెరమీద ఒకటి అంకె వచ్చింది.

ముందు చిటపట. పాత గ్రామఫోను ముల్లు తిరుగుతున్నట్టు, నూనెలో ఆవాలు వేసినట్టు. ఆమెకి నవ్వూ చిరాకూ కలిసి వచ్చాయి. ఇది నిజం చప్పుడు కాదు. కెప్టెన్ కావాలని కలిపించిన చప్పుడు. కొత్తగా చేసిన ఆల్బమ్ తాతలనాటి దానిలా వినపడాలని ఆయన సరదా. అందరూ ఒకే గదిలో, ఒకే మైకు చుట్టూ నిలబడి వాయించాలి, డ్రమ్స్ వాడు గోడవార, ట్రంపెట్ ఆయన అందరికంటే వెనక, పాడే ఆవిడ మైకుకి ముక్కు ఆనించి. అట్ట మీద ఫోటోకి గోధుమరంగు పూత. పేరు చూడు, నిన్నటి రాత్రులు! పుట్టడమే ముసలిదిగా పుట్టిన ఆల్బమ్. అదేదో నిజంగానే ముసలిదయ్యేదాకా ఆగలేకపోయారు, ఇప్పుడైతే చిటపటలు కలపక్కర్లేదు కదా. ట్రంపెట్ అందుకుంది. అబ్బ, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో కూడా తెలుస్తోంది, ఇదిగో ఇక్కడ, ఇప్పుడు టోపీ వెనక్కి తోసుకుంటాడు. డ్రమ్స్ మీద ఇనపతీగల బ్రష్ సర్రుసర్రుమని తిరుగుతోంది, సాయంత్రాలు తాము వాయించిన హోటలు హాల్లో తివాచీ మీద వెయిటర్ల అడుగులు గుర్తొస్తున్నాయి, గ్లాసుల చప్పుడు, ఎవరూ వినకపోవడం. ఎవరూ వినరు, తింటూ మాట్లాడుకుంటూ ఉంటారు, పాట ఆగితే మాత్రం తలెత్తి చూస్తారు. ఆ ఉద్యోగం అదే, ఆగకుండా ఉండడం. ఎంత బాగుండేది. ఎవరూ వినని చోట వాయించడం అంత బాగుంటుందని ఎవరికి చెబితే అర్థమవుతుంది? ఇప్పుడు వినేవాళ్ళే, ప్రతి తల్లీ సోఫాలో కూర్చుని వింటుంది, మా వాడు ఇంకా అదే పాట దగ్గరున్నాడేంటండీ అని.

పియానో వచ్చింది. చిట్టి. ఎంత మెల్లిగా వచ్చింది, తలుపు తట్టి లోపలికి రావచ్చా అని అడిగినట్టు. అడిగి ఉంటే బాగుండేది నిజంగానే. కాదు, అన్యాయం, అది అడగలేదు, తనే పంపింది. మంచానికి అతుక్కుపోయిన రోజులు, కదిలితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ కాళ్ళ కింద దిండ్లు పెట్టించి పడుకోబెట్టిన రోజులు, కప్పు మీద ఫ్యాను తప్ప ఇంకో లోకం లేని రోజులు. కెప్టెన్ స్టూడియో మాట్లాడేశాను, నువ్వు లేకపోతే ఎలా అని మంచం పక్కన నిలబడి టోపీ నలుపుతుంటే, చిట్టిని తీసుకెళ్ళండి, దానికి నా పాటలన్నీ వచ్చు అంది తనే. తన నోటితోనే అంది. నాలుగు రోజులే కదా అనుకుంది. వచ్చు దానికి, ఎందుకు రావు, నాలుగేళ్ళు పక్కన కూర్చుని పేజీలు తిప్పింది. పేజీలు తిప్పేవాళ్ళు ఎడమవైపే కూర్చోవాలి, కుడివైపు కూర్చుంటే పాటకి చెయ్యి అడ్డం. అలా ఎడమవైపు కూర్చుని, తల వంచి, చూసేది. ఏం చూస్తున్నావే అంటే ఏం లేదక్కా అనేది. తర్వాత పాప పుట్టడం, పాలు, జ్వరాలు, నిద్రలేని తెల్లవార్లు. అన్నీ ఒక గాడిన పడ్డాక హోటలుకి వెళితే, పియానో బెంచీ మీద చిట్టి ఉంది. కెప్టెన్ కళ్ళు కలపకుండా, ఇప్పుడు మార్చితే జనానికి తేడా కొడుతుంది అమ్మాయ్, ఇంకొన్నాళ్ళు పోనీ అన్నాడు. జనానికట! తింటూ మాట్లాడుకునే జనానికి! చిట్టి లేవలేదు. లేద్దామన్నట్టు కదిలింది, అది చూసింది ఆమె, నువ్వు కూర్చో అంది. అంటే మాత్రం కూర్చుండిపోవాలా? ఇన్నేళ్ళూ ఈ ఒక్క ప్రశ్న, పళ్ళ మధ్య ఇరుక్కున్న పీచులా, ఎంత నాలుక పెట్టినా రాదు.

అద్దం మీద టకటక. ఉలిక్కిపడింది. మూడో అంతస్తు ఆవిడ, చేతిలో సంచులు, వంగి లోపలికి చూస్తోంది. అద్దం దించాలంటే తాళం ఇంకో మెట్టు తిప్పాలి, తిప్పితే ప్లేయరు ఆగి మళ్ళీ మొదటికొస్తుంది, అసలే బ్యాటరీ దిగిపోతుందని ఆయన లక్షసార్లు చెప్పాడు. తలుపు కొంచెం తెరిచింది. "బండి తీస్తున్నారాండీ? మావారు వస్తున్నారు, ఇక్కడ పెట్టుకుంటారని" అంది ఆవిడ. తియ్యడం లేదండీ. "మరి?" పాట వింటున్నానండీ. ఆవిడ చీకట్లోకి చూసింది, డాష్‌బోర్డు వైపు చూసింది, ఆమె మొహం వైపు చూసింది. "ఇంట్లో అంతా కులాసానే కదా?" అంది, గొంతు తగ్గించి, జాలిగా. రేపటికల్లా లిఫ్టంతా పాకుతుంది, పియానో టీచరుకీ ఆయనకీ పడటంలేదట, కారులో కూర్చుని ఏడుస్తోందట. కులాసానేనండీ, దివ్యంగా ఉన్నాం, అని తలుపు వేసుకునేసరికి మూడో పాట అయిపోవచ్చింది. పాడే ఆవిడ చివరి మాటని సాగదీస్తోంది, ఆవిడ ఎప్పుడూ అంతే, ఊపిరున్నంతసేపూ వదలదు. అయింది. చిటపట. మూడు పోయి నాలుగు.

ప్లేయరు శబ్దం పెంచింది. హోటల్లో కరెంటు పోయిన సాయంత్రం పుట్టిన పాట ఇది, జనరేటరు కూడా మొరాయించింది, హాలంతా చీకటిగుయ్యారం. పిల్లలెవరో ఏడుపు మొదలెట్టారు, కుర్చీలు జరిగాయి. కెప్టెన్ చీకట్లో చెవిలో అన్నాడు, ఏదో ఒకటి వాయించు, జనం లేస్తారు. పేజీ కనపడదు, పియానో మెట్లు కనపడవు. ఎడమచెయ్యి ముందు కింద ఒక మెట్టు వెతుక్కుంది, దొరికాక దాని తోడు పైన వెతుక్కుంది. అలా వచ్చింది పాట, వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు ఇదిగో, స్పీకర్లలోంచి, అదే. ఒక్క స్వరం మారలేదు. మార్చలేదు వాళ్ళు! కింది స్వరం, రెప్పపాటు ఎడం, పై స్వరం. కింద, ఎడం, పైన. ఆ ఎడం దగ్గర ఆమె వీపు నిటారుగా అయిపోయింది. దొరికావ్, అంది పైకే, దొరికావే చిట్టీ! ఎందుకంటే కింది స్వరం నుంచి పై స్వరానికి, రెండూ కలుపుకుని, పది తెల్లమెట్లు, ఆ రెండు స్వరాలూ కలిసి మోగాలి, లోకంలో ఎవరైనా కలిపే మోగిస్తారు. ఆమె చెయ్యి చిన్నది. ఎంత చాచినా ఎనిమిది, ప్రాణం మీదికి తెచ్చుకుంటే తొమ్మిది. అందుకని కిందిది నొక్కి, మోత పోకుండా పెడల్ తొక్కిపట్టి, చెయ్యి ఎత్తి పైదాని మీదికి దూకేది. ఆ దూకుడులోనే ఆ ఎడం. చిట్టివేమో ఇంత చేతులు, పదో క్లాసుకే నాన్న గడియారం సరిపోయిన చేతులు, పదేమిటి, పదకొండు మెట్లు కూడా ఇట్టే పట్టేస్తుంది. అది ఎందుకు దూకాలి? సొంత పాటయితే ఎందుకు దూకుతుంది? ఇంతకంటే రుజువేం కావాలి, ఎవరికి కావాలన్నా వినిపిస్తాను, ఈ పాట చిన్న చెయ్యి కట్టిన పాట, నా చెయ్యి, నాది, నాది.

నాకు నా పేరు కావాలి. అవును, కావాలి, ఎందుకు సిగ్గుపడాలి? ఇన్నేళ్ళూ పోనీలే అనుకున్నది పోనివ్వడం కాదు, కడుపులో దాచుకోవడం. పేరెవరు చూస్తారు అట్ట వెనకాల, అంటాడు ఆయన, పాపం మంచిగానే అంటాడు. నేను చూస్తాను! నా కూతురు చూస్తుంది, ఏదో వచ్చీరానిది వాయిస్తుంది మా అమ్మ అనుకునే కూతురు. కానీ పాట నడుస్తూనే ఉంది, కింద, ఎడం, పైన, గెలిచిన సంతోషం కుదురుగా నిలబడనివ్వడం లేదు. మొదటిసారి ఆ రెండు స్వరాల్నీ అలా విరిచిందంటే గుర్తుపెట్టుకుందనుకోవచ్చు. రెండోసారీ విరిచింది. ఒక్కచోట కూడా మరిచిపోయి కలిపి కొట్టలేదే. అంత పెద్ద చేతులున్నది, ఎంత ఒద్దికగా నడిపించింది వాటిని, అక్క చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ ఆగి, ఎక్కడ ఎగిరితే అక్కడ ఎగిరి. దొంగ ఇలా చేస్తుందా? దొంగయితే సరుకు రూపు మార్చదూ? ఛీ, ఈ ఆలోచన ఇప్పుడు ఎవరడిగారు, హాయిగా కోపంగా ఉన్నాను కదా. మూడోసారి పల్లవి తిరిగొచ్చింది, అక్కడ చిట్టి కొంచెం పరిగెత్తింది, బ్రష్ వాడు వెనకబడి మళ్ళీ అందుకున్నాడు. అయ్యో, ఆగవే, అని ఆమె కాలు తనకు తెలియకుండానే క్లచ్ పక్కన నేలని తొక్కింది, లేని పెడల్ని. చివరి స్వరం మోగి మోగి పలచబడి చిటపటలో కలిసిపోయింది. కళ్ళు తుడుచుకుంది. ఉక్రోషం, ఇంకేం కాదు.

ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ఉంటే ఆశ్చర్యపోవాలి. కారు దిగి, తాళం వేసి, బండ్లు ఎక్కే ఏటవాలు దారి సగం పైకి వస్తే ఎండ మొహాన కొట్టింది, రెండు గీతలు వచ్చాయి. మాటలన్నీ సిద్ధం చేసుకుంది, పది మెట్ల సంగతి, చిన్న చెయ్యి సంగతి, కరెంటు పోయిన సాయంత్రం, ఎక్కడ మొదలెట్టాలి. కెప్టెన్ ఎత్తాడు. నాలుగో పాట స్వరకల్పన నాదండీ, నా పేరు వెయ్యాలి, అంది, సిద్ధం చేసుకున్నవాటిలో అన్నిటికంటే ఆఖరి మాట ముందొచ్చేసింది.

"ఓ అదా! సరే, రాసుకున్నాను" అన్నాడాయన. "ఆరోజు పియానో ముందు ఎవరుంటే వాళ్ళ పేరే వేసేశాను. తప్పా?"

తప్పా అంటాడేమిటి! ఏళ్ళకేళ్ళు నమిలి నమిలి మింగలేక కక్కలేక ఉన్నదాన్ని, కాఫీలో చక్కెర ఎక్కువైందా అన్నట్టు, తప్పా అంటాడా! తిడదామని నోరు తెరిచింది. తెరిచి, ఉంటానండీ అని పెట్టేసింది. అయిపోయింది. ఇంతేనా? చేతిలో ఫోను, నెత్తిన ఎండ, ఎవరితో పోట్లాడాలో తెలియని ఒళ్ళంతా కోపం. చిట్టి నంబరు నొక్కింది. అది డాన్సు స్కూల్లో ఉంటుంది ఈవేళకి, పిల్లల అడుగులకి పియానో వాయిస్తుంది. వెనకాల కేరింతలు, ఎవరో చప్పట్లు కొట్టి లైనులో నిలబడమనడం.

"అక్కా?"

"కెప్టెన్‌కి చెప్పాను. పాట నా పేరుతో వస్తుంది."

"హమ్మయ్య."

"హమ్మయ్య ఏమిటే? ఆ మాటేదో నువ్వే చెప్పొచ్చుగా ఆయనకి. నన్నడగమనడం ఎందుకు?"

"నేను చెప్పేస్తే నువ్వు సంతోషమనేసి ఊరుకుంటావు. సీడీ మాత్రం వినవు" అంది చిట్టి. తలుపు తీసిన చప్పుడు, పిల్లల గోల దూరమయింది. "అప్పుడు తెచ్చి నీ చేతిలో పెట్టాను చూడు, నువ్వు వింటావు, విని నన్ను చెడామడా తిడతావు, అప్పుడే కెప్టెన్ దగ్గరికెళ్ళి మార్పిద్దామనుకున్నాను. నువ్వు తిట్టలేదు. పాపకి పాలు పట్టాలి, తర్వాత చూస్తానన్నావు. తర్వాత ఎప్పుడూ మాటెత్తలేదు."

"నువ్వు ఎత్తొచ్చుగా!"

"భయమేసింది. ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ భయమేసింది."

ఎంత కోపం వచ్చిందో ఆమెకి. ఇద్దరూ వారం వారం ఫోన్లు చేసుకుంటూ, కీళ్ళనొప్పుల గురించీ పనిమనిషి నాగాల గురించీ గంటలు గంటలు వాగుతూ, ఈ ఒక్కటీ వదిలేసి! ఎవరి మీద కోపమో తేలలేదు, అయినా అడగాల్సింది ఒకటి మిగిలింది.

"ఎడమచేత్తో స్వరాలు ఎందుకు విరిచావే? నీకు పది అందుతాయిగా."

"అందుతాయా?" అంది చిట్టి, నిజంగానే ఇప్పుడే తెలిసినట్టు. "అవును కదా. ఏమో అక్కా, నువ్వలాగే వాయించేదానివి. ఆ పాట అలాగే ఉంటుందనుకున్నాను." గొంతు తగ్గించింది. "అదంతా సరేగానీ, ఎలా వాయించాను?"

బాగా వాయించావు అనాలి. ఎంత తేలిక మాట, రోజూ సోఫాలో కూర్చున్న తల్లుల కోసం ఎన్నిసార్లు అంటుంది, బాగా వాయించావు నాన్నా, బాగా వాయించావు బంగారం. నోటిదాకా వచ్చింది. వచ్చి, అబద్ధంలా అనిపించి, ఆగిపోయింది. అబద్ధం కాదు, తక్కువ. అలాంటి మాట చిట్టికి చెప్పేది కాదు.

"పల్లవి మూడోసారి వచ్చినప్పుడు తొందరపడ్డావు" అంది.

చిట్టి నవ్విందో ఏడ్చిందో, ముక్కు ఎగబీల్చింది మాత్రం వినపడింది.

"తెలుసక్కా. ఇప్పటికీ అక్కడ తొందరపడతాను. చెప్పేవాళ్ళు ఎవరున్నారు?"